రెండు సబ్జెక్టులూ ఇష్టమే, మేజర్ మార్చుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద సెకండియర్ చదువుతున్నాను. కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా చేరాను కానీ సైకాలజీ క్లాసు తీసుకున్నప్పటి నుంచి మనసంతా అటే ఉంది, స్టాటిస్టిక్స్ కూడా బాగా నచ్చింది. ఒకటికి మించి సబ్జెక్టులు కలిపి చదివే ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్‌కి మారితే రెండూ చదవొచ్చని అడ్వైజర్ అన్నారు. నాన్నగారేమో అది ఏ మేజరూ కుదరనివాళ్ళు తీసుకునేది, రేపు ఉద్యోగం ఎవరిస్తారు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదమ్మా, అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన క్రెడిట్లన్నీ మూటగట్టి డిగ్రీ అనిపించుకునేవాళ్ళు ఉన్నారు. కానీ ఆ కోర్సు పెట్టింది అందుకు కాదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో అయితే రెండు కాన్సంట్రేషన్లు, అంటే లోతుగా చదివే రెండు సబ్జెక్టులు ఎంచుకోవాలి, వాటిని కలిపే కోర్ క్లాసులు విడిగా ఉంటాయి. బర్కిలీ యూనివర్సిటీలో ఒక రీసెర్చ్ ప్రశ్న చుట్టూ కోర్సులు ఏరుకుని చివర్లో థీసిస్ రాయాల్సిందే.

నా మాట ఏంటంటే, కోర్సుల కంటే ముందు ఆ ప్రశ్న దొరకబుచ్చుకో. ఉదాహరణకి పెద్దవయసు పేషెంట్లు ఇంటికెళ్ళాక మందులు మధ్యలో ఎందుకు మానేస్తారు అనుకో, దానికి జ్ఞాపకశక్తి గురించిన సైకాలజీ కావాలి, సర్వే తయారుచెయ్యడం రావాలి, వచ్చిన డేటాలో దేనికి దేనితో సంబంధమో రిగ్రెషన్ అనే స్టాటిస్టిక్స్ పద్ధతితో చూడాలి, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ కావాలి, అప్పుడు ఏ క్లాసు ఎందుకు తీసుకున్నావో ఇంటర్వ్యూలో తడుముకోకుండా చెప్పగలవు. అది లేకపోతే ట్రాన్‌స్క్రిప్ట్ నిండా 101లు, 201లు అనే మొదటి మెట్టు క్లాసులే కనిపిస్తాయి. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కదా, అరిజోనా స్టేట్‌లో అందులో 45 అప్పర్ డివిజన్‌వి, అంటే పైస్థాయి క్లాసులవి అయ్యుండాలి, మీ దగ్గర ఎంతో డిగ్రీ ఆడిట్ (ఏ క్రెడిట్లు అయ్యాయో, ఏవి మిగిలాయో చూపే యూనివర్సిటీ లిస్టు) తెరిచి చూడు, చాలామందికి చివరి ఏడాది దెబ్బ తగిలేది అక్కడే.

ఎంఎస్ ఆలోచన ఉంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఇప్పుడే పూర్తిచెయ్యి. డేటా సైన్స్ వైపు వెళ్ళాలంటే అవి అడుగుతారు, మేజర్ పేరు ఏదైనా సరే.

ఇంకోటి, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 ఫారం మీద నీ మేజర్ పక్కన సీఐపీ కోడ్, అంటే ఆ కోర్సు ఏ రకమో చెప్పే నంబరు ఉంటుంది. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలు, ఆ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉంటేనే ఇంకో 24 నెలలు వస్తుంది. పేరులో ఇంటర్‌డిసిప్లినరీ అని ఉన్నవన్నీ ఒకటి కాదు, డేటా సైన్స్ కోడ్ లిస్టులో ఉంది, మ్యాథ్స్-కంప్యూటర్ సైన్స్ కలిపినదీ ఉంది, కానీ జనరల్ కోర్సుకి అలా ఉంటుందని నమ్ముకోవద్దు. నువ్వు ఎన్ని స్టాటిస్టిక్స్ క్లాసులు చదివినా వాళ్ళు చూసేది కోడే.

అందుకని మేజర్ మార్పు ఫారం నింపకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారికి (డీఎస్ఓకి) మెయిల్ పెట్టి కొత్త మేజర్ కోడ్ ఏంటో రాతపూర్వకంగా తెప్పించుకో. అది స్టెమ్ కాదని తేలితే కంప్యూటర్ సైన్స్‌లోనే ఉండి సైకాలజీని మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా తీసుకోవడం నీకు మంచిదని నా అభిప్రాయం, ఆ ప్రశ్న మీద పని అప్పుడూ చెయ్యొచ్చు.