స్విమ్మింగ్ పూలా, కింద అరుగులా?

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో మాకు ఎకరం స్థలం ఉంది. మా మామగారు, ఆయన తమ్ముళ్లు కలిసి డెవలప్‌మెంటుకి ఇస్తున్నారు. మొత్తం 40 ఫ్లాట్లు. బిల్డరు గీయించిన ప్లానులో టెర్రస్ మీద స్విమ్మింగ్ పూలు, జిమ్ము, మినీ థియేటరు ఉన్నాయి. నలుగురూ కూర్చోడానికి కింద అరుగులుంటే చాలంటారు మామగారు. పిల్లలేమో పూలు కావాల్సిందే అంటున్నారు. ప్లాను ఇంకా అప్రూవలుకి వెళ్లలేదు. ఏది ఉంచమంటారు?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నా ఓటు మీ మామగారికే. పిల్లలు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు.

పూలు లెక్క చూడండమ్మా. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు అనుకున్నా 60 వేల లీటర్ల నీళ్లు. అంటే టెర్రస్ మీద 60 టన్నుల బరువు. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున మేం ట్యాంకులకి లెక్క కడతాం. ఇంటికి నలుగురనుకుంటే మీ ఫ్లాట్లన్నిటికీ కలిపి రోజుకి 21,600 లీటర్లు. పూలు ఒక్కసారి నింపితే దాదాపు మూడు రోజుల వాడకం అయిపోయినట్టే. ఆపైన ఫిల్టరు మోటారు, క్లోరిన్, చూసుకునే మనిషి జీతం. రెండు వేసవులు ఈదాక పిల్లలు ట్యూషన్లలో పడతారు. లీకేజీ మాత్రం పై అంతస్తువాళ్లకి మిగులుతుంది.

ఆ డబ్బుతో కింద హాలు కట్టించండి. నేను చూసిన అపార్ట్‌మెంట్లలో ఏడాది పొడవునా పనికొచ్చింది అదే. శ్రీమంతం, ఓణీల ఫంక్షను, వినాయక చవితి అన్నీ అక్కడే. బిల్డర్లకి హాలంటే నాలుగు గోడలూ ఏసీ. మీరు మాత్రం పక్కన వంటకి షెడ్డు, గిన్నెలు తోముకునే గచ్చు, కేటరింగు బండి నేరుగా వచ్చే గేటు అడగండి. లేకపోతే సాంబారు గిన్నెలు లిఫ్టు ఎక్కుతాయి.

చెప్పుకోడానికి ఇబ్బందే గానీ, ఎవరైనా పోతే ఏంటన్నది కూడా ప్లానులోనే ఆలోచించాలి. స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఒకటి, గేటు దగ్గర టెంటు వేసుకునేంత ఖాళీ, ఒక కుళాయి. ఇవి లేని చోట ఆ రోజున ఆ ఇంటివాళ్లు సెక్రటరీని బతిమాలుకోవాల్సి వస్తుంది.

జనరేటరు దగ్గర పిసినారితనం వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ జిల్లాలో ఎన్నో ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల లైట్లు దాని మీద నడవాలి. దాన్ని సెల్లారులో పెట్టనివ్వకండి, వాన నీళ్లు ముందు చేరేది అక్కడికే.

జిమ్ముకి చిన్న గది చాలు. థియేటరు తీసేయండి.

మిగిలిన ప్రతి సౌకర్యానికీ నెలకి ఎంత ఖర్చవుతుందో బిల్డరు చేత రాయించి, అగ్రిమెంటుకి జత చేయించండి. ఏ మార్పయినా ఇప్పుడే. అమ్మకాలు మొదలయ్యాక ఉమ్మడి స్థలాల్లో ఏం మార్చాలన్నా, ఇళ్లు కొనేవాళ్ల రక్షణకి తెచ్చిన 2016 రెరా చట్టం ప్రకారం కొన్నవాళ్లలో కనీసం మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పూలు చూసి కొన్నవాళ్లు దాన్ని తీసేయడానికి సంతకం పెట్టరు.