ఎల్‌ఈడీ వేశాక ఇండికేటర్ టకటకా కొట్టుకుంటోందా?

కారు వెనక ఇండికేటర్లకు ఎల్‌ఈడీలు వేశాక అవి మామూలుకంటే వేగంగా కొట్టుకుంటుంటే టెన్షన్ పడకండి. పాత 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగేది. ఎల్‌ఈడీకి అందులో కొంచెం చాలు. దాంతో బల్బు మాడిపోయిందనుకుని ఫ్లాషర్ (ఇండికేటర్‌ను వెలిగించి ఆర్పే పరికరం) అలా హెచ్చరిస్తోంది.

విడిగా ఫ్లాషర్ రిలే ఉన్న పాత కారైతే ఎల్‌ఈడీకి పనికొచ్చే రిలే వేయించండి, పిన్నులు మాత్రం సరిచూసుకుని కొనండి. కొత్త కార్లలో చాలావరకు ఆ పని కంప్యూటర్‌దే. అప్పుడు పాత బల్బంత కరెంటు లాగేలా ఒక్కో ఎల్‌ఈడీకి ప్యారలల్‌గా, అంటే దాని రెండు వైర్ల మధ్య, 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ పెట్టించాలి. కాసేపు ఇండికేటర్ వేసి ఉంచితే అది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ప్లాస్టిక్‌కూ వైర్లకూ తగలకుండా బాడీ రేకుకు స్క్రూతో బిగించాలి. మెకానిక్ టేపుతో అంటించేస్తానంటే ఒప్పుకోకండి. అన్నట్టు, ఇండికేటర్ గ్లాసు తెల్లదైతే నారింజ రంగు ఎల్‌ఈడీలే వేయండి.