మధ్యలోని నెలలు

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. వరసగా రెండోసారి కూడా నెలలు నిండకుండానే కాన్పైన తల్లి గురించి రాయాలనిపించడం బాగుంది. కానీ కథ ఇంక్యుబేటర్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. గాజు పెట్టె, ట్యూబులు, తల్లి కన్నీళ్లు... ఇవి చదివేవాళ్లకు తెలిసినవే. మొదటి కాన్పుకీ రెండోదానికీ మధ్య ఆమె ఎలా బతికిందో నువ్వు చూడలేదు. నన్నడిగితే కథంతా అక్కడే ఉంది.

37 వారాలు నిండకముందే పుట్టే పిల్లలు 2020లో 1.34 కోట్ల మంది ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ అంకె నీ కథలో మూడుచోట్ల వచ్చింది, రెండుచోట్ల తీసెయ్. దానికంటే నీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఒకసారి ఇలా జరిగిన తల్లికి మళ్లీ అలాగే జరిగే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. అంటే రెండోసారి ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో ముందే తెలుస్తుంది. మరి ఎందుకు కనిపెట్టుకోలేదు?

చాలా ఏళ్ల కిందట ఒకావిడతో మాట్లాడాను. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది. మడతల దగ్గర ఇంకు చెరిగిపోయినా ‘31 వారాలు’ అన్నది కనిపిస్తోంది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు డాక్టరుకి చూపించావా అని అడిగాను. “ఎవరూ అడగలేదండీ. అప్పుడే మళ్లీ ఏంటని తిడతారేమోనని నేనూ తియ్యలేదు” అంది. అది చూసి ఉంటే స్కానింగ్‌లో గర్భసంచి ముఖద్వారం పొడవు కొలిచేవాళ్లేమో. పొట్టిగా ఉంటే ప్రొజెస్టెరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) ఇవ్వడమో, ముఖద్వారానికి కుట్టు వెయ్యడమో ఆలోచించేవాళ్లు. అయినా ఆగేదని చెప్పలేం, నెలలు నిండకుండా అయ్యే చాలా కాన్పులకు కారణమే దొరకదు. (నీ కథలో డాక్టరు అన్నీ ఖాయంగా చెప్పేస్తాడు. అలాంటి డాక్టరు నాకింతవరకు తగల్లేదు.)

‘పేదరికం వల్ల’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పేదరికం నేరుగా వెళ్లి ఉమ్మనీటి సంచి చింపదు కదా. చెకప్‌కి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, అందుకని వచ్చే వారం అనుకుంటుంది. పని మధ్యలో బాత్రూమ్‌కి పంపరని నీళ్లు తాగడం మానేస్తుంది. మూత్రంలో మంట మొదలైనా ఎవరికీ చెప్పదు. మొదటి బిడ్డ వార్డులో ఉన్నన్నాళ్లూ అందరూ బిడ్డ బరువు అడిగారే గానీ, మళ్లీ గర్భం రాకుండా ఏం వాడుతున్నావని ఆమెను ఒక్కరూ అడగలేదు. కాన్పయ్యాక మళ్లీ గర్భానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీ కథలో ఆమెకి అయిదు నెలలకే వచ్చింది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

‘అజాగ్రత్త’ అన్న మాట రెండుసార్లు వాడావు. పక్కింటావిడ అన్నదైతే ఉంచు, నీదైతే కొట్టెయ్.

బిడ్డను గుండెకు హత్తుకుని కూర్చునే చివరి దృశ్యం మాత్రం కదపకు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలకే మొదలైన పద్ధతది. కాకపోతే ఆమె అలా గంటలకొద్దీ కూర్చుంటే ఇంట్లో పెద్దపాప ఎవరి దగ్గరుందో ఎక్కడా రాయలేదు. నువ్వు రాసిన నెలలు కూడి చూశాను. ఆ పాపకి ఏడాది, అటూ ఇటూగా. ఇంకా నడక కూడా వచ్చి ఉండదు.