22 ఏళ్లకు తల్లి కావడం తొందరేమీ కాదు

చెల్లీ, 22 ఏళ్లకే మూడో నెల అంటే తిరుపతి ఆఫీసులో "అప్పుడే ఏం తొందర?" అంటున్నారని, చిత్తూరులో మీ అత్తగారేమో "ఈ వయసుకి నాకు ఇద్దరు" అంటున్నారని రాశావు. ఎవరి కాలం లెక్క వాళ్లది. 1929 శారదా చట్టంలో ఆడపిల్ల పెళ్లి వయసు 14 ఏళ్లే. 1978లో గానీ అది 18 కాలేదు. ఇప్పుడు చదువు, ఉద్యోగం అయ్యాకే చాలామంది పెళ్లి మాట ఎత్తుతున్నారు కాబట్టి 22 చిన్న వయసుగా కనిపిస్తోంది. ఒంటికి ఆ లెక్కలు పట్టవు. డాక్టర్లు వయసు చూసి ఎక్కువ జాగ్రత్తపడేది 20 లోపు, 35 దాటాక. కాబట్టి వయసు గురించి టెన్షన్ వద్దు, రక్తం ఎంతుందో చూపించుకో. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనతే. నాలుగో నెల నుంచి ఇచ్చే ఐరన్ మాత్ర టీ, కాఫీలతో వేసుకోకు. అత్తగారు మునగాకు తాళింపు చేసిపెడితే మాత్రం వద్దనకు!

ఉద్యోగం మానేద్దామా అన్నావు. ఆ పని అస్సలు చేయకు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో సెలవు నీ హక్కు. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. దాచకుండా ఈ వారమే మెయిల్‌లో తెలియజేయి, కాపీ నీ దగ్గర ఉంచుకో.