ఎలుక కాలేయం మనకెంత చెబుతుంది?

ప్రశ్న: డైక్లోఫెనాక్ ఇచ్చిన ఎలుకల కాలేయం దెబ్బతిన్నదని బీఫార్మసీ చదువుతున్న మా అమ్మాయికి తరగతిలో చెప్పారట. మావారు మోకాళ్ల నొప్పికి ఏడాదిగా అదే మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు రెండు వేసుకుంటున్నారు. ఎలుకలకు మోతాదు ఎక్కువ ఇస్తారు కనుక మనకు భయం లేదని ఆయన వాదన. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ఆయన వాదన సగమే నిజం. ఎలుకలో జీవక్రియల వేగం ఎక్కువ కాబట్టి, దానికి కిలో బరువుకు ఇచ్చిన మోతాదును మనిషికి యథాతథంగా అన్వయించకుండా, శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి సుమారు 6.2తో భాగిస్తారు. ఎలుకకు కిలోకు 10 మిల్లీగ్రాములిస్తే, 60 కిలోల మనిషికి అది 600 కాదు, దాదాపు 97 మిల్లీగ్రాములు. మీవారివి 50 మిల్లీగ్రాముల మాత్రలైతే ఆయన రోజూ తీసుకుంటున్నది కూడా అంతే!

డైక్లోఫెనాక్‌ను మార్చి బయటికి పంపే పని ప్రధానంగా కాలేయానిదే. ఆ క్రమంలో పుట్టే కొన్ని చురుకైన పదార్థాలు కణాలలోని ప్రోటీన్లకు అతుక్కుని, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. రక్తంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైములు పెరగడం దానికి ఆనవాలు. అయితే ఎలుకలో ఈ మందు పైత్యరసంతో పేగుల్లోకి దిగి, మళ్లీ రక్తంలో కలుస్తూ ఉంటుంది. అందువల్ల పెద్ద మోతాదులో కాలేయం కంటే ముందు పేగులే పుండ్లు పడతాయి. ఎలుక కాలేయాన్ని చూసి నేరుగా మనిషి సంగతి తేల్చలేకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం మరింత ముఖ్యమైనది. మనుషులలో ఈ మందు వల్ల కలిగే తీవ్రమైన కాలేయ నష్టం చాలా అరుదు, కానీ అది మోతాదు లెక్కకు లొంగదు; ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేము, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలలో దానిని రప్పించడమూ కష్టమే. బెనాక్సాప్రోఫెన్ అనే కీళ్లనొప్పుల మందు జంతు పరీక్షలు దాటి బజారుకు వచ్చినా, వృద్ధుల ఒంట్లో ఎక్కువకాలం నిలిచిపోయి, కాలేయం, మూత్రపిండాలు చెడి మరణాలు సంభవించడంతో 1982లో దానిని ఉపసంహరించారు.

దీర్ఘకాలం వాడేవారికి మొదలుపెట్టిన 4 నుంచి 8 వారాలలోపు, ఆ తరువాత అప్పుడప్పుడు కాలేయ పరీక్ష చేయించాలి. మీవారికి ఇంతవరకు చేయించకపోతే ఈ వారమే వైద్యుణ్ణి కలవండి. నొప్పికి వేరే మాత్ర కూడా వేసుకుంటుంటే దాని అట్ట వెంట తీసుకెళ్లండి. అసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కూడా శరీరంలో కొంతమేర డైక్లోఫెనాక్‌గా మారుతుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించక వాంతులవుతున్నా మాత్ర ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.