‘నేచురల్’, ‘క్లీన్’ అని రాసిన సౌందర్య సాధనాలకు చట్టపరమైన ప్రమాణం ఉందా?

లేదు, 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించినా, ఈ రెండు మాటలకు నిర్వచనం ఇవ్వలేదు. అందువల్ల మొక్కల నుంచి వచ్చిన పదార్థం ఎంత ఉండాలి, ఏ రసాయనం ఉండకూడదు అన్న హద్దును ఒక్కో కంపెనీ తనకు తానే గీసుకుంటుంది; అది తప్పని తేల్చడానికి ఆ నియమాల్లో కొలబద్దే లేదు.

వరంగల్ దుకాణాల్లో గోరింటాకు బొమ్మతో అమ్మే నల్లరంగు పొడులను చూడండి. గోరింటాకు ఒక్కటే అయితే తెల్లజుట్టుకు నారింజ ఛాయే వస్తుంది. నీలి మొక్క ఆకు కలపకుండా నిమిషాల్లో నలుపు తేలిందంటే సాధారణంగా అది పారాఫెనిలీన్ డయమైన్ (PPD) అనే రసాయన రంగు పని, కొందరికి అది తీవ్రమైన అలర్జీ తెస్తుంది. కాబట్టి పెట్టె ముందువైపు బొమ్మను కాక, వెనుకనున్న పదార్థాల జాబితాను చదవాలి (అక్షరాలు చిన్నవే అయినా).

ప్రకృతిసిద్ధమైనది హాని చేయదన్నది అపోహ. ఒకప్పుడు బట్టలపై గుర్తులు పెట్టడానికి వాడిన నల్లజీడి గింజ రసం ప్రకృతిసిద్ధమే, అయినా చర్మంపై పడితే బొబ్బలెక్కిస్తుంది.