సొంత వ్యాపారం చేసేవాళ్లు అమ్మానాన్నల గ్రీన్ కార్డుకి ఆదాయం ఎలా చూపించాలి?

మీరు అడిగింది ఇదీ: మీరు అమెరికా సిటిజన్. ఒక్కరే నడిపే ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) ఉంది, డబ్ల్యూ-2 (యజమాని ఇచ్చే జీతం పత్రం) లేదు. ఏడాదికి లక్షా నలభై వేల డాలర్ల దాకా వ్యాపారం జరుగుతుంది కానీ ఖర్చులు పోను షెడ్యూల్ సి (సొంత వ్యాపారం లాభనష్టాలు చూపే టాక్స్ ఫారం) మీద 38 వేలే మిగిలాయి. ఇంట్లో మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు. అమ్మానాన్నల ఐ-130లు (వాళ్లని రప్పించుకోవడానికి వేసిన పిటిషన్లు) అప్రూవ్ అయి ఫైళ్లు నేషనల్ వీసా సెంటర్‌కి వెళ్లాయి. ఇప్పుడు ఐ-864లో (వాళ్ల పోషణకి స్పాన్సర్‌గా ఇచ్చే హామీ పత్రం) ఏ అంకె వేయాలి, ఆదాయానికి రుజువుగా ఏం పెట్టాలి?

నేను న్యూజెర్సీలో ఫొటో, వీడియో స్టూడియో నడుపుతాను. మా అమ్మానాన్నలకి ఇదే దారిలో వీసాలు వచ్చాయి. లాయర్ని కాను, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఆ లక్షా నలభై వేలు మర్చిపోండి. వ్యాపారంలోకి ఎంత వచ్చిందన్నది అక్కడ ఎవరూ చూడరు. షెడ్యూల్ సిలో 31వ లైన్‌లో ఉండే నికర లాభం టాక్స్ రిటర్న్ ఫారం 1040లోకి వెళ్తుంది. 1040లో 9వ లైన్‌లో ఉండే టోటల్ ఇన్‌కమ్, ఐ-864 అడిగే అంకె అదే. చాలామంది 11వ లైన్‌లోని ఏజీఐ (కొన్ని తగ్గింపులు పోను మిగిలే ఆదాయం) వేస్తారు. మనలాంటివాళ్లకి అది నష్టం. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్‌లో సగం, సొంతంగా కట్టుకునే హెల్త్ ఇన్సూరెన్స్, సెప్ ఐఆర్ఏలో (సొంత వ్యాపారం ఉన్నవాళ్ల రిటైర్మెంట్ ఖాతా) వేసిన డబ్బు, ఇవన్నీ 9వ లైన్ దాటాకే తగ్గుతాయి. రెండు లైన్లకీ మధ్య ఐదారు వేల తేడా రావడం మామూలే, గట్టెక్కడానికి ఒక్కోసారి అదే చాలు.

ఇక ఎంత ఉండాలన్నది. మీరు నలుగురు, అమ్మ, నాన్న, మొత్తం ఆరుగురు. అమ్మకి, నాన్నకి కేసులు వేరు కాబట్టి ఐ-864లు కూడా వేర్వేరుగా ఇవ్వాలి. అయినా రెండింటికీ ఆరుగురి లెక్కతోనే సరిపోతుందో లేదో చూసుకోండి. అలా సరిపోతే ఏ ఆఫీసరూ వేలెత్తి చూపలేడు. పావర్టీ గైడ్‌లైన్‌కి (ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరికపు ఆదాయ పరిమితి) 125 శాతం కావాలి. 2025 లెక్కల్లో ఆరుగురికి గైడ్‌లైన్ 43,150 డాలర్లు, దాని 125 శాతం 53,937. అలాస్కా, హవాయిలకి అంకెలు వేరు. ఏటా మారతాయి, మీరు ఫైల్ చేసేనాటికి ఐ-864పి ఫారంలో ఏముందో చూసుకోండి.

అంటే మీ 38 వేలకి దాదాపు 16 వేలు తక్కువ పడుతోంది. మీ ఆవిడకి ఉద్యోగం ఉంటే ఇది పెద్ద సమస్యే కాదు. ఆవిడ ఐ-864ఎ మీద సంతకం పెడితే ఆ ఆదాయం మీదానితో కలుస్తుంది. జాయింట్ రిటర్న్ వేసి ఉంటే 9వ లైన్‌లో ఇద్దరిదీ కలిసే ఉంటుంది కాబట్టి ఎవరిది ఎంతో తెలిసేలా ఆవిడ డబ్ల్యూ-2, మీ షెడ్యూల్ సి రెండూ జత చేయండి.

ఆస్తి చూపించే దారి కూడా ఉంది కానీ తల్లిదండ్రుల కేసులో తక్కువ పడిన మొత్తానికి ఐదు రెట్లు చూపాలి. మీకైతే దాదాపు 80 వేల డాలర్లు. ఇల్లు చూపిస్తే అప్రైజల్ విలువలోంచి లోన్ పోను మిగిలిందే లెక్క. అమ్మానాన్నల పేరు మీద ఊళ్లో ఉన్న పొలం, ఇల్లు కూడా చూపించవచ్చు, కానీ ఏడాదిలోపు డబ్బుగా మారి అమెరికాకి తీసుకురాగలిగేది కావాలి. పత్రాలు, వాల్యుయేషన్లు, వాటి అనువాదాలు... నన్నడిగితే ఇది చివరి దారి.

దానికంటే జాయింట్ స్పాన్సర్ (మీతో పాటు హామీ ఇచ్చే ఇంకొకరు) నయం. బంధువే కానక్కర్లేదు, అమెరికాలో ఉంటున్న సిటిజన్ లేదా గ్రీన్ కార్డు ఉన్న ఫ్రెండ్ అయినా చాలు. అయితే తన కుటుంబానికీ మీ అమ్మానాన్నలకీ కలిపి లెక్కకి సరిపడా ఆదాయం, మీదానితో కలపకుండా, తనవైపే ఉండాలి. మీ ఐ-864 మాత్రం ఆదాయం చాలకపోయినా ఇవ్వాల్సిందే. ఒక్క మాట, అడిగేటప్పుడు సంగతంతా చెప్పి అడగండి. అమ్మానాన్నలు సిటిజన్లు అయ్యేదాకానో, వాళ్ల పేరున 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క పూర్తయ్యేదాకానో, గ్రీన్ కార్డు వదులుకుని వెళ్లిపోయేదాకానో, లేదా చనిపోయేదాకానో ఆ బాధ్యత ఆయన మీద ఉంటుంది. ఏదో ఫార్మాలిటీ అని చెప్పి సంతకం పెట్టించుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఇక కాగితాలు. ఐ-864ఈజెడ్ జోలికి వెళ్లొద్దు, అది డబ్ల్యూ-2 జీతం, పెన్షన్ ఉన్నవాళ్లకే. అన్నిటికంటే బలమైనది ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే టాక్స్ రిటర్న్ ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మీ రిటర్న్ సారాంశం. ఐఆర్ఎస్ ఆన్‌లైన్ అకౌంట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ అని ఇంకొకటి కనిపిస్తుంది, పొరపాటున అది దించుకోకండి. చట్టప్రకారం తాజా ఏడాదిది చాలు, కానీ మూడేళ్లూ బాగుంటే మూడూ పెట్టండి. ట్రాన్‌స్క్రిప్ట్ బదులు రిటర్న్ కాపీ పెడితే ఒక్క షెడ్యూల్ కూడా వదలకూడదు. మీది ఎస్-కార్ప్ (వేరే పన్ను పద్ధతి ఎంచుకున్న కంపెనీ) అయితే షెడ్యూల్ సి బదులు మీ కంపెనీ మీకిచ్చిన డబ్ల్యూ-2, కె-1 (లాభంలో మీ వాటా పత్రం), ఆ వాటా చూపే షెడ్యూల్ ఇ వస్తాయి.

ఉద్యోగులు ఎంప్లాయర్ లెటర్ పెట్టే చోట నేను ఒక చిన్న కట్ట పెట్టాను: వ్యాపారం రిజిస్టర్ చేసిన పత్రం, ఈఐఎన్ (వ్యాపారానికి ఇచ్చే టాక్స్ నంబరు) వచ్చినప్పటి ఐఆర్ఎస్ లెటర్, ఆ ఏడాది అప్పటిదాకా లాభనష్టాల పట్టిక, 1099-ఎన్ఈసీలు (క్లయింట్లు మనకి ఎంత ఇచ్చారో చూపే ఫారాలు), క్వార్టర్లీ టాక్స్ కట్టిన రసీదులు. పైన ఒక పేజీలో వ్యాపారం ఏంటో, ఎప్పటినుంచి నడుపుతున్నానో రాసి సంతకం పెట్టాను. వ్యాపారం ఇప్పటికీ నడుస్తోందని చూపడానికే ఇవన్నీ. ట్రాన్‌స్క్రిప్ట్‌లో అంకె తక్కువగా ఉంటే వీటితో పూడ్చడం కష్టం.

అందుకే ఇంకా ఐ-130 స్టేజీలో ఉన్నవాళ్లు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. మా ఫైల్ ఇంకా యూఎస్‌సీఐఎస్ (ఐ-130లు చూసే ఇమిగ్రేషన్ శాఖ) దగ్గరే ఉన్నప్పటి సంగతి ఇది. ఆ ఏడాది కొత్త కెమెరాలు, లెన్సులు, లైట్లు కొన్నాం. మా సీపీఏ (టాక్స్ అకౌంటెంట్) అలవాటు ప్రకారం సెక్షన్ 179 కింద మొత్తం ఖర్చు ఒకే ఏడాదిలో రాసేయబోయింది. అలా రాస్తే షెడ్యూల్ సిలో తరుగుదల రాసే 13వ లైన్ ఒక్కటే లాభంలో సగం మింగేస్తుంది. పేరెంట్స్ కేసు ఉందని చెప్పి, ఆ తరుగుదలని కొన్నేళ్ల మీదకి పరచమన్నాను. సెక్షన్ 179 వాడుకోవడం మన ఇష్టం, బోనస్ డిప్రిసియేషన్ (మొదటి ఏడాదే ఎక్కువ తరుగుదల రాసుకోవడం) కూడా వద్దని రిటర్న్‌లోనే చెప్పవచ్చు. ఆ ఏడాది టాక్స్ ఎక్కువే పడింది, కట్టాం. 9వ లైన్ మాత్రం నిలబడింది. ఇది చట్టంలో ఉన్న వెసులుబాటు. నిజంగా అయిన అద్దె, పెట్రోలు, సబ్‌కాంట్రాక్టర్ల ఖర్చులు కావాలని దాచి లాభం పెంచడం వేరే సంగతి, అది చేయొద్దు.

ముంబై కాన్సులేట్‌లో జరిగిన వీసా ఇంటర్వ్యూలో ఆఫీసరు నాన్నని అడిగింది మూడే: అబ్బాయి ఏం చేస్తాడు, సొంతమా ఉద్యోగమా, ఎన్నేళ్లుగా. నాన్న తడుముకోకుండా చెప్పారు. మీ వాళ్లకి కూడా మీ వ్యాపారం గురించి నాలుగు ముక్కలు చెప్పి ఉంచండి. "సాఫ్ట్‌వేర్‌లో ఏదో చేస్తాడండీ" అంటే కాగితాల మీదున్నదానికీ దానికీ పొంతన కుదరదు.

చివరగా తేదీల సంగతి. ఇంటర్వ్యూ ఏప్రిల్ 15 తర్వాత పడితే కొత్త ఏడాది రిటర్న్ అడిగే అవకాశం ఎక్కువ. మనలో చాలామంది ఎక్స్‌టెన్షన్ పెట్టి అక్టోబరు దాకా లాగుతాం కదా, ఈ ఒక్క ఏడాదికి అలా చేయకండి. మార్చిలోనే ఫైల్ చేసి, ట్రాన్‌స్క్రిప్ట్ రాగానే ప్రింట్ తీసి అమ్మానాన్నలకి పంపండి. కొత్త రిటర్న్‌లో లాభం బాగా పెరిగి ఉంటే ఐ-864 కూడా తాజా అంకెలతో మళ్లీ నింపి, సంతకం పెట్టి దాంతో పాటే పంపండి. లేదంటే ఆ కాగితం కోసం 221(జి) చీటీ ఇచ్చి వీసా ఆపుతారు, ఆ టెన్షన్ పెద్దవాళ్లకి ఎందుకు?